చలి డాక్టరు జాబితా

“ఈ కోటు వేసుకుని మీరెప్పుడైనా చలిలో నిలబడ్డారా?” అని ఆమె అడిగేసరికి మా కొట్లో నాలుగు ఫ్యాన్లూ తిరుగుతున్నాయి. అయినా నా చొక్కా వీపుకి అతుక్కుపోయే ఉంది.

ఆరేళ్ళుగా చలిబట్టలు అమ్ముతున్నాను. ఈ ప్రశ్న ఇంతవరకూ ఎవరూ అడగలేదు. మా ఊరు స్వెట్టర్ చూస్తేనే చెమట పట్టే ఊరు. అలాంటి చోట చలిబట్టల కొట్టు పెట్టిన మా పెదనాన్నని మొదట్లో అందరూ జాలిగా చూశారట. చదువులకని చలిదేశాలకు వెళ్ళే పిల్లలు ఏటేటా పెరిగేసరికి ఆ జాలి అసూయగా మారింది. వెళ్ళేవాళ్ళు ఏమేం పట్టుకెళ్ళాలో చెప్పడం నా పని. “చలిదేశానికి ముప్పై ఆరు వస్తువులు” అని అచ్చు వేయించి పంచుతున్న జాబితా నేను రాసిందే. ఊళ్ళో నన్ను చలి డాక్టరంటారు.

ఆ జాబితా ఎలా పుట్టిందో ఇప్పుడు దాచి లాభం లేదు. గోడౌన్లోకి వెళ్ళి, ఏ సరుకు ఎక్కువ మిగిలితే అది ముందు రాశాను. మంకీ టోపీలు నాలుగు వందలు మిగిలిన ఏడాది మనిషికి నాలుగు టోపీలు తప్పనిసరి అయ్యాయి. పెట్టుకోవడానికి ఒకటి, ఉతుక్కోవడానికి ఒకటి, పోతే ఒకటి, ప్రొఫెసర్ గారికి ఇవ్వడానికి ఒకటి.

“చలిలో అంటే, ఏ చలిలోనండీ?” అన్నాను, కాస్త వ్యవధి దొరుకుతుందని.

“ఏ చలిలోనైనా సరే.”

“ఇది మైనస్ నలభై దాకా ఆపుతుందండీ.”

“ఎవరు చెప్పారు?”

“కంపెనీ వాళ్ళు. లోపల రాసి కూడా ఉంటుంది.”

ఆమె కోటు తిరగేసి లోపలి చీటీ చదివింది. దాని మీద ‘డ్రై క్లీన్ మాత్రమే’ అని ఉంది.

పక్క కుర్చీలో నా జాబితాతోనే విసురుకుంటున్న పెద్దావిడ అప్పుడు నోరు విప్పింది. కోటు చూస్తున్న అమ్మాయి తల్లి. ప్రసూతి వార్డులో హెడ్ నర్సు, కాబట్టి ఆవిడ మామూలుగా మాట్లాడినా ఎదుటివాళ్ళు నిటారుగా కూర్చుంటారు. “అబ్బాయ్, మా అమ్మాయి చేపల ఫ్యాక్టరీలో ఫ్రీజర్ ఇన్‌ఛార్జి. మూడేళ్ళుగా మైనస్ పద్దెనిమిదిలోనే దాని ఉద్యోగం. ఇప్పుడు ఆ చలి చాలక ఇంకా చలిలోకి పోయి, చలి గురించే పెద్ద చదువు చదువుతుందట. నలభై రోజుల్లో ప్రయాణం. కాస్త చూసుకుని మాట్లాడు.”

ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్టిలో పడ్డట్టయింది నా పని.

“రేపు మధ్యాహ్నం మా ఫ్యాక్టరీకి రండి,” అంది ఇన్‌ఛార్జి గారు. “మీ జాబితాలో ఒంటి మీద వేసుకునేవన్నీ వేసుకుని రండి. మా ఫ్రీజర్లో అరగంట నిలబడితే ముప్పై ఆరు వస్తువులూ నేను కొంటాను.”

కౌంటర్ దగ్గర కూర్చున్న పెదనాన్నకి చివరి నాలుగు మాటలే వినబడ్డాయి. “తప్పకుండా వస్తాడమ్మా,” అన్నాడు.

మర్నాడు మిట్టమధ్యాహ్నం కోటు, రెండు జతల మేజోళ్ళు, బూట్లు, మఫ్లర్, మంకీ టోపీతో ఆటో ఎక్కాను. ఆటో అతను అద్దంలో నన్ను రెండుసార్లు చూసి, “ఏ ఆసుపత్రికి బాబూ?” అని అడిగాడు.

ఫ్రీజర్ తలుపు దగ్గర ఆమె పద్ధతి వివరించింది. ఎవరు లోపలికి వెళ్ళినా తలుపు బయట ఒక మనిషి ఉండాలి. పది నిమిషాలకోసారి బయటి మనిషి తలుపు మీద మూడుసార్లు కొడతాడు. లోపలి మనిషి తిరిగి మూడుసార్లు కొట్టాలి.

“కొట్టకపోతే?”

“తలుపు తీసి బయటికి లాగుతాం.”

“మీ బయటి మనిషి ఎవరండీ ఇవాళ?”

“నేనే. భయపడకండి, ఇంతవరకూ ఎవర్నీ పోగొట్టుకోలేదు.”

మొదటి మూడు నిమిషాలు నా పరువు నన్ను వెచ్చగానే ఉంచింది. ఆ తర్వాత లోపల ఫ్యాన్లు తిరగడం మొదలైంది. మైనస్ నలభైని ఆపాల్సిన కోటులోంచి గాలి ఇటు దూరి అటు పోతోంది. ఎండలో కారిన చెమటంతా ఒంటి మీద చల్లబడింది. కాలివేళ్ళు ఉన్నాయో లేదో తెలియలేదు. తలుపు మీద మూడు దెబ్బలు వినబడ్డాయి. తిరిగి కొడదామంటే చేతులు జేబుల్లోంచి రానన్నాయి. మోకాలితో రెండుసార్లు కొట్టాను. మూడోది కొట్టేలోపు తలుపు తెరుచుకుంది.

ఆమె నవ్వుతుందేమో అనుకున్నాను. నవ్వలేదు. ఆఫీసు గదిలో కూర్చోబెట్టి టీ చేతిలో పెట్టి, బూట్లు విప్పమంది. మొహమాటపడితే, “మా అమ్మని పిలవనా?” అంది. విప్పాను.

“ఇరుకు బూట్లలో రెండు జతలు వేస్తే రక్తం ఆడదు. పైగా ఉన్నివి వదిలేసి నూలువి వేశారు, ఇవి చెమట పీల్చుకుని చల్లబడతాయి. మీరు చలికి వణకలేదు, మీ చెమటకి వణికారు,” అంటూ నా కాలివేళ్ళు ఒక్కొక్కటే చూసింది. “రంగు బాగానే ఉంది. ఇంతకీ రెండు జతలు వేసుకోవాలని మీకెవరు చెప్పారు?”

“ఎవరూ చెప్పలేదండీ. మేజోళ్ళు ఎక్కువ మిగిలిపోయాయి.”

ఎందుకు చెప్పానో నాకే తెలియదు. పళ్ళు కొట్టుకుంటున్నప్పుడు అబద్ధం ఆడటం కష్టం అనుకుంటాను. ప్రేమలో పడటానికి ఇంతకంటే మర్యాదైన సందర్భాలు ఉంటాయి. నాకు మాత్రం ఎడమ కాలి బొటనవేలు చూపిస్తుండగా జరిగింది.

“మీ జాబితా పట్టుకుని ఎంతమంది వెళ్ళారు?”

“నూట పన్నెండు మందండీ.”

“వాళ్ళు ఎలా ఉన్నారో ఎప్పుడైనా కనుక్కున్నారా?”

“ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదు.”

“మేజోళ్ళు బాగాలేవని చెప్పడానికి అంత దూరం నుంచి ఎవరు ఫోన్ చేస్తారు?” అంది. కోపంగా అంటే బాగుండేది. బాధగా అంది.

ఆ మాట నన్ను పట్టుకుంది. నేను అమ్మేది బట్టలు కాదు, నమ్మకం. ఆ సరుకు ఊరందరి దగ్గరా చెల్లింది, నేను కోరుకున్న ఒక్క మనిషి దగ్గరే చెల్లలేదు. ఆమె వెళ్ళడానికి ముప్పై తొమ్మిది రోజులున్నాయి. ఈలోగా ఆమె నా మాట ఒక్కటైనా నమ్మేలా చేసుకోవాలి. లేకపోతే ఆమెకి నా సంగతి చెప్పినా అది కూడా మిగిలిపోయిన సరుకే అనుకుంటుంది.

పాత పుస్తకాలన్నీ తిరగేసి నూట పన్నెండు మందికీ మెసేజ్ పెట్టాను. “మా జాబితాలో ఏది పనికొచ్చింది, ఏది పనికిరాలేదు, ఏది రాయకపోవడం వల్ల ఇబ్బంది పడ్డారు? నిజం చెప్పండి, ఏమీ అనుకోను.” ఏమీ అనుకోను అనకుండా ఉండాల్సింది. జవాబులు వరదలా వచ్చిపడ్డాయి.

మూడో రోజు సాయంత్రం ఆమె కొట్టుకి వచ్చింది. వచ్చిన ఐదు నిమిషాలకే వాన పట్టుకుంది. మా కొట్లో చలిని ఆపే సరుకు బీరువాల నిండా ఉంది, వానని ఆపేది ఒక్క గొడుగు కూడా లేదు. ఇద్దరం అరుగు మీద, రేకు కింద నిలబడి నా ఫోన్‌లో జవాబులు చదివాం. జల్లు కొట్టినప్పుడల్లా ఆమె ఒక అంగుళం ఇటు జరిగేది. మా ఊళ్ళో వానలు ఇంకొంచెం ఏటవాలుగా పడితే బాగుండునని మొదటిసారి అనిపించింది.

“‘అన్నా, నాలుగు రగ్గులు మోశాను. గదిలో హీటర్ ఉంది. నిక్కరుతో పడుకుంటున్నాను,’” అని చదివింది. “ఇది చూడండి. ‘ఉన్ని స్వెట్టర్ మెషీన్లో వేశాను, ఇప్పుడు మా అక్క కొడుక్కి సరిపోతుంది. వాడికి మూడేళ్ళు.’”

“ఉతకడం గురించి జాబితాలో లేదండీ.”

“అదే వాళ్ళ బాధ. ‘సర్టిఫికెట్లు పెద్ద పెట్టెలో పెట్టాను. పెట్టె నాలుగు రోజులు వేరే దేశాలు తిరిగొచ్చింది. చేతి సంచీలో పెట్టుకోమని చెప్పొచ్చుగా డాక్టరు గారూ.’ డాక్టరు గారంట.”

“ఆ అమ్మాయికి గౌరవం ఎక్కువండీ.”

“మీకు బాగానే గుర్తున్నట్టుందే,” అని తర్వాతది చదవడానికి కొంచెం ఎక్కువసేపు తీసుకుంది.

ఒకడు పళ్ళు చూపించుకుని వెళ్ళమని రాయండన్నాడు. వాడికి దిగిన వారానికే పన్ను నొప్పి వచ్చి, డాక్టరు దొరకడానికి నెల పట్టిందట. ఇంకొకడు ఉన్న ఒక్క కళ్ళజోడు మంచులో పడేసుకుని రెండు వారాలు బోర్డు బదులు పక్కవాడి పుస్తకం చూశాడు. కోటు అక్కడే కొనుక్కోవాలి, అక్కడి చలి అక్కడి దర్జీలకే తెలుసు అని పదిమంది పైగా రాశారు. ముప్పై ఆరింటిలో మేలు చేసింది ఉన్ని మేజోళ్ళు ఒక్కటే, అవీ ఒక జత వేసుకుంటేనే.

“మంకీ టోపీని మెచ్చుకున్నవాడు ఒకడున్నాడు,” అందామె. “‘బస్ స్టాపులో టోపీ చూసి ఒక అమ్మాయి నవ్వింది. వచ్చే నెల మా నిశ్చితార్థం. మీ మేలు మరువలేను.’ దీన్ని జాబితాలో ఉంచుదామా?”

“టోపీ లేకుండా కూడా నవ్వే అమ్మాయిలుంటారేమోనండీ.”

“ఉంటారు. కానీ ఎవరు ఎందుకు నవ్వుతున్నారో మగవాళ్ళకి తెలిసి చావదు,” అని వానలోకే దిగి వెళ్ళిపోయింది.

మర్నాడు పాత జాబితాలన్నీ కట్టగట్టి చింపేశాను. కొత్తది తొమ్మిది వస్తువులతో రాశాను. అందులో మా కొట్లో దొరికేవి రెండే. పెదనాన్న దాన్ని కళ్ళజోడు పెట్టుకుని ఒకసారి, తీసి ఒకసారి చదివాడు.

“ఒరేయ్, నువ్వే మెసేజ్‌లు పెట్టి, మా సరుకు ఎంత చెత్తగా ఉందో చెప్పండి బాబూ అని నూట పన్నెండు మందిని అడిగావా?”

“అవును పెదనాన్నా.”

“కొరివితో తల గోక్కోవడం అంటే ఇదేరా. పళ్ళు చూపించుకోమని రాశావు. మనది పళ్ళ ఆసుపత్రా? మిగిలిన మంకీ టోపీలన్నీ ఎవరి నెత్తిన పెట్టను?”

దానికి జవాబు ఇన్‌ఛార్జి దగ్గర ఉంది. ఆ వారమే తన మేనేజర్‌ని వెంటబెట్టుకుని వచ్చింది. ఫ్రీజర్లో పెట్టెలు మోసేవాళ్ళు చెవులకి తువ్వాళ్ళు చుట్టుకుని అవస్థపడుతున్నారట. టోపీలు మొత్తం ఫ్యాక్టరీ తీసుకుంది. ఆ రోజు నుంచి పెదనాన్న ఆమె వస్తే లేచి నిలబడేవాడు. “ఆ అమ్మాయిని చేసుకునే అదృష్టం నీకుందో లేదో నాకు తెలియదు గాని, కొట్టుకి మాత్రం చాలా అవసరం,” అని నాతో అన్నాడు. మా ఇంట్లో పెద్దల ఆశీర్వాదం ఈ రూపంలో దొరికింది.

ఆ తర్వాత ఫ్యాక్టరీకి వెళ్ళడానికి నాకు ఏదో ఒక వంక దొరుకుతూనే ఉండేది. ఒకరోజు ఆమె దగ్గర పనిచేసేవాడు సెలవు పెట్టాడు. పెట్టెలు లెక్కపెట్టడానికి లోపలికి వెళుతూ, “కాసేపు బయటి మనిషిగా ఉంటారా?” అని అడిగింది. ఆరేళ్ళలో నాకు అప్పజెప్పిన పనుల్లో ఇంత గొప్పది లేదు.

తలుపు మూసుకుంది. మూడుసార్లు కొట్టాను. లోపలి నుంచి మూడు దెబ్బలు వచ్చాయి. కాస్త ఆగి మళ్ళీ కొట్టాను. వచ్చాయి. మళ్ళీ కొట్టాను.

తలుపు తెరుచుకుంది. కనురెప్పల మీద తెల్లగా మంచు పొడి, చేతిలో లెక్కల అట్ట, కళ్ళలో నిప్పులు. “పది నిమిషాలకోసారి అన్నాను. మీరు నిమిషానికోసారి కొడుతున్నారు. మూడుసార్లు లెక్క తప్పాను.”

“మీరు లోపల ఎలా ఉన్నారో తెలియడం లేదండీ.”

“తెలియకపోతే?”

“ఏమీ తోచడం లేదు.”

ఆమె అట్ట మీది లెక్క కొట్టేసి లోపలికి వెళ్ళింది. తలుపు మళ్ళీ వేసుకుంది. ఈసారి నేను పళ్ళు బిగించి గడియారం చూస్తూ నిలబడ్డాను. పది నిమిషాలు కాకముందే లోపలి నుంచి తనే కొట్టింది.

అంత జరిగాక చెప్పెయ్యాల్సింది. చెప్పలేదు. ఎన్ని మాటలు కూర్చుకున్నా అన్నీ బేరం మాటల్లాగే ఉన్నాయి. ఇంత మంచిది ఎక్కడా దొరకదండీ, ఇలాంటిది మళ్ళీ రాదండీ అని ఆరేళ్ళుగా చలికోట్ల గురించి చెప్పిన నోరు ఇది. అదే నోటితో ఆమెకి చెప్పడానికి సిగ్గేసింది. నలభై రోజుల్లో మిగిలినవీ అలాగే కరిగిపోయాయి.

ప్రయాణానికి ముందు రోజు ఉదయం సర్దిపెట్టడానికి వాళ్ళింటికి వెళ్ళాను. ముందుగది నిండా ఆరబోసినట్టు సామాను. చేతి సంచీలో సర్టిఫికెట్లు, రెండో కళ్ళజోడు, డాక్టరు చీటీతో సహా మందులు, ఒక జత బట్టలు పెట్టాం. పెద్ద పెట్టెలో గదిలో వేసుకునే పల్చటి బట్టలు, లోపల వేసుకునే ఉన్నివి, మా కొట్టు ఉన్ని మేజోళ్ళు. పళ్ళు కిందటి వారమే చూపించుకుంది. కోటు అక్కడే కొనుక్కుంటుంది. ఇన్నేళ్ళలో నేను సర్దిన పెట్టెల్లో ఇంత సరిగ్గా సర్దింది లేదు, మూత వెయ్యడానికి చెయ్యి ఇంత బరువెక్కిందీ లేదు.

జిప్పు లాగాను.

“ఇంకేమైనా చెప్పాలా?” అని అడిగింది ఆమె. సామాను గురించే అడిగింది.

“చెప్పాలండీ. సామాను గురించి కాదు.”

ఆమె మడతపెట్టిన మఫ్లర్ విప్పి మళ్ళీ మడతపెట్టడం మొదలుపెట్టింది.

“మీరంటే నాకు ఇష్టం,” అన్నాను. “మీరు వెళుతుంటే బాధగా ఉంది. వెళ్ళొద్దని మాత్రం అనను. మీరు వెళ్ళాలి, ఆ చదువు చదవాలి. మొదట్లో మీ ముందు పోయిన పరువు తెచ్చుకుందామనుకున్నాను. ఇప్పుడు పరువు గోల లేదు. పొద్దున లేస్తే మీకు ఏం చెప్పాలా అన్నదే ఆలోచన. ఎల్లుండి నుంచి ఎవరికి చెప్పాలి?”

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

“రెండేళ్ళ చదువు,” అంది ఆమె నెమ్మదిగా. “తర్వాత అక్కడే ఇంకో ఏడాది పని చెయ్యాల్సి రావచ్చు. మూడేళ్ళు. అన్నాళ్ళూ మీకు నామీద ఇష్టం ఇలాగే ఉంటుందా?”

అమ్మేవాడికి ఇంతకంటే తేలిక ప్రశ్న ఉండదు. ఉంటుందండీ అనడానికి నోరు తెరిచాను కూడా. ఆమె కళ్ళు నా ముఖం మీదే ఉన్నాయి. ఆ కళ్ళలో పరీక్ష లేదు, భయం ఉంది. చలికి భయపడని మనిషి, నేనేమంటానో అని భయపడుతోంది. ఆ భయానికి నా పాత సరుకు అంటగట్టలేకపోయాను.

“తెలియదండీ,” అన్నాను. “నేనింతవరకూ ఎవరి కోసమూ ఎదురుచూడలేదు. ఇవాళైతే ఉంటుందనే ఉంది. రేపు అడిగితే రేపటి సంగతి చెబుతాను.”

“ఎల్లుండి?”

“ఎల్లుండి కూడా అడగండి. మూడేళ్ళూ రోజూ అడగండి. ఏ రోజుది ఆ రోజు నిజమే చెబుతాను.”

ఆమె మఫ్లర్‌ని ఇంకో రెండు మడతలు పెట్టింది. ఆ రెండు మడతల్లో ఈ జవాబు వల్ల సర్వనాశనమైపోయానని నాలుగుసార్లు అనుకున్నాను.

హెడ్ నర్సు గారు తడిచేతులు కొంగుకి తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చింది. “పెళ్ళిచూపుల్లో వీళ్ళ నాన్న తనకి అన్నీ తెలుసన్నాడు. ముప్పై ఏళ్ళయింది. ఇప్పటికీ గ్యాస్ సిలిండర్ మార్చడం రాదు. ఆయన ఆఫీసులో ఉన్నాడు కాబట్టి సరిపోయింది గాని, లేకపోతే ఆయనకీ చెబుదును, తెలియనిది తెలియదనే అల్లుడు మన అమ్మాయికి దొరికాడని.”

“అమ్మా, అల్లుడేంటి అప్పుడే,” అంది కూతురు.

“నేను రోజుకి పదిమంది పిల్లలు పుట్టడం చూస్తాను. నాకు అన్నీ ముందే కనబడతాయి. బాబూ, చేతులు కడుక్కుని రా, భోంచేద్దువుగాని,” అని ఆవిడ లోపలికి వెళ్ళింది.

ఇన్‌ఛార్జి ఇంకా మఫ్లర్ మడతపెడుతూనే ఉంది. ఇక పెట్టడానికి అందులో మడత మిగల్లేదు. “‘ఉంటుంది’ అని ఉంటే నవ్వేసి ఊరుకునేదాన్ని,” అంది తల ఎత్తకుండా. “రాత్రంతా ఏడ్చేదాన్ని కూడా. ఎందుకంటే నాకూ ఇష్టమే. ఎన్నాళ్ళుంటుందో నాకూ తెలియదు. భయంగా ఉంది.”

“నాకూ భయంగానే ఉందండీ.”

“సరే, ఇద్దరికీ ఉంది కదా,” అని అప్పుడు నావైపు చూసి నవ్వింది. ఎందుకు నవ్విందో నాకు తెలిసింది. “రేపు పొద్దున్న ఎయిర్‌పోర్టుకి వస్తావుగా? అక్కడ మళ్ళీ అడుగుతాను.”

నలభై రోజులూ మీరు అన్న మనిషి, వస్తావుగా అంది. ఆ ప్రశ్నకి జవాబు మాత్రం నాకు తెలుసు. వస్తానన్నాను.